ఎవరు ఎవరిని పిలిచారు?

లిస్ప్ అనే కంప్యూటర్ భాషను 1958లో అమెరికాలో జాన్ మెకార్తీ గారు మొదలుపెట్టారు. అందులో ఎక్కడ చూసినా బ్రాకెట్లే! పని పేరు ముందు, అంకె తర్వాత.

ఫ్యాక్ట్ అనే ఫంక్షన్ పని ఇది: అంకె 0 అయితే 1 ఇవ్వాలి. లేకపోతే, ఒకటి తక్కువ అంకెతో తననే మళ్ళీ పిలిచి, వచ్చిన జవాబును తన అంకెతో గుణించాలి. 3కి జవాబు 6 అని బట్టీ పడితే ఏం తెలుస్తుంది? ముందు (ట్రేస్ ఫ్యాక్ట్) అని కొట్టి, తర్వాత (ఫ్యాక్ట్ 3) అంటే లోపల జరిగేదంతా ఇట్లా కనబడుతుంది. తెర మీద ఇంగ్లీషులో వస్తుంది, నేను తెలుగులో రాశాను.

(ఫ్యాక్ట్ 3)
  (ఫ్యాక్ట్ 2)
    (ఫ్యాక్ట్ 1)
      (ఫ్యాక్ట్ 0)
      1
    1
  2
6

కిందికి దిగేటప్పుడు ఒక్క గుణకారం కూడా జరగలేదు, చూశారా? వాగు దగ్గర వరుసగా నిలబడి బిందెలు అందించుకున్నట్టే. ఖాళీ బిందె చివరిదాకా పోవాలి, అక్కడ నిండాకే నీళ్ళు వెనక్కి వస్తాయి. అందాకా అందరూ ఆగి ఉండాల్సిందే.

0 సంగతి రాయడం మరిచిపోతే? 0 తర్వాత -1, -2 అని దిగుతూనే ఉంటుంది. చివరికి చోటు చాలక ఆగిపోతుంది, జవాబు మాత్రం రాదు. ట్రేస్ చూస్తే తప్పు ఎక్కడుందో వెంటనే దొరుకుతుంది.

కంప్యూటర్ పీరియడ్ వారానికి ఒక్కటే అని ఊరుకోకండి. ఇది రఫ్ నోట్సులో పెన్సిలుతో కూడా చేయవచ్చు. (ఫ్యాక్ట్ 4) రాసి చూడండి. 10 వరుసలు రావాలి.