కాలితే ముందు కుళాయి దగ్గరికే

ప్రశ్న: మా బాబుకు నాలుగేళ్లు. బాంబులు, తారాజువ్వల జోలికి పోనివ్వం. కాకరపువ్వొత్తులు మాత్రమే చేతికిస్తాం. నిరుడు దీపావళికి ఎవరో కాల్చి పడేసిన ఊచను తొక్కాడు. మా అత్తగారు వెంటనే టూత్‌పేస్టు రాశారు. మంట తగ్గిందన్నాడు గానీ, తర్వాత పెద్ద బొబ్బ లేచి పుండు పడింది. ఈసారి ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?
– ఒక తల్లి, తణుకు

జవాబు: కాకరపువ్వొత్తి చప్పుడు చేయదు కాబట్టి దాన్ని పసిపిల్లల వస్తువుగా చూస్తాం. నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరిగితే, కాకరపువ్వొత్తి మండే చోట వేడి వెయ్యి డిగ్రీలు దాటుతుంది. వెలుగు ఆరిపోయాక కూడా ఊచ చాలాసేపు చర్మాన్ని కాల్చేంత వేడిగా ఉంటుంది. పైగా నాలుగేళ్ల పిల్లవాడి చెయ్యి పొట్టిది, చెయ్యి చాపినా రవ్వలు ముఖానికి దగ్గరగానే రాలతాయి. అందుకే ఐదేళ్లలోపు పిల్లల చేతికి ఇవ్వొద్దనే నేను చెబుతాను. మీరు కాలుస్తుంటే వాడు చూసి సంబరపడతాడు, అది చాలు. బకెట్ నిండా నీళ్లు పెట్టుకుని, కాల్చిన ప్రతి ఊచనూ అందులోనే వేయండి. వాకిట్లోకి వచ్చేవాళ్లందరి కాళ్లకూ చెప్పులో బూట్లో ఉండాలి. పండగ పూట పట్టులంగాలు, నైలాన్ గౌన్లు వేయాలని మనసు లాగుతుంది. పూజ అయ్యాక విప్పేసి, ఒంటికి పట్టి ఉండే నూలు బట్టలు వేయండి. నైలాన్ కరిగి చర్మానికి అతుక్కుపోతుంది.

ఇక టూత్‌పేస్టు సంగతి. మీ అత్తగారు చేసింది ప్రేమతోనే. దాదాపు ప్రతి ఇంట్లోనూ పేస్టో, సిరానో, పసుపో, వెన్నో రాస్తారు. పేస్టులోని మింట్ వల్ల పైకి చల్లగా అనిపిస్తుంది, లోపలి వేడి మాత్రం అలాగే ఉండిపోతుంది. ఆస్పత్రికి వచ్చాక గాయం ఎంత లోతో చూడాలంటే ఆ పూతనంతా మళ్లీ కడగాలి. బిడ్డకు అది రెండో బాధ.

కాలిన వెంటనే చేయాల్సింది కుళాయి నీళ్లు ధారగా పోయడం. అదీ 2 నిమిషాలు కాదు, 20 నిమిషాలు. గడియారం చూసుకుని మరీ పోయండి. కంగారులో మొదటి కొన్ని నిమిషాలు ఆలస్యమైనా, 3 గంటల్లోపు ఎప్పుడు పోసినా మేలే. ఐసు పెట్టొద్దు. వాపు రాకముందే గాజులు, ఉంగరాలు, పట్టీలు తీసేయండి. అతుక్కున్న బట్టను లాగొద్దు, బొబ్బ చిదమొద్దు. పసివాళ్లకు త్వరగా చలి పుడుతుంది కాబట్టి కాలిన చోటు తప్ప మిగతా ఒళ్లంతా కప్పి ఉంచండి. తర్వాత శుభ్రమైన తడి గుడ్డ వదులుగా చుట్టి బయల్దేరండి. ముఖం, చేతులు, పాదాలు, కీళ్లు, మర్మాంగాల దగ్గర కాలినా, గాయం బిడ్డ అరచేతి కంటే పెద్దదైనా, తెల్లగా మారి నొప్పి తెలియకపోయినా ఆ రాత్రే డాక్టరుకు చూపించాలి. ధనుర్వాతం టీకా సంగతి కూడా అడగండి.

ప్రశ్న: ఇంటర్ చదివే మా అబ్బాయి ప్లాస్టిక్ గొట్టంతో కార్బైడ్ తుపాకీ చేస్తానంటున్నాడు. అందులో మందుగుండు ఉండదు కాబట్టి ప్రమాదం లేదంటున్నాడు. నిజమేనా?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: కాదు. దయచేసి ఆపించండి. కార్బైడ్ మీద నీళ్లు పడితే ఎసిటిలీన్ పుడుతుంది. వెల్డింగ్ షాపులో ఇనుమును కోసే వాయువు అదే. అది ఎప్పుడు అంటుకుంటుందో చేసినవాడికీ తెలియదు. పేలలేదేమని పిల్లలు గొట్టంలోకి తొంగిచూస్తారు, సరిగ్గా అప్పుడే పేలుతుంది. 2025 దీపావళికి మధ్యప్రదేశ్‌లో, ముఖ్యంగా భోపాల్‌లో, వందమందికి పైగా ఈ తుపాకులతో కళ్లకు గాయాలై ఆస్పత్రుల పాలయ్యారు. వాళ్లలో ఎక్కువమంది పిల్లలే. కొందరికి చూపే పోయింది.

కార్బైడ్‌లో నీళ్లు కలిశాక మిగిలేది తడి సున్నం. కిళ్లీ సున్నం కంట్లో పడి నల్లగుడ్డు తెల్లబారిన పిల్లలను చూసిన ఏ కంటి డాక్టరైనా ఈ మాట వింటేనే భయపడతాడు. సున్నం పైన కాల్చి ఆగదు, లోపలికి దిగుతూనే ఉంటుంది. కాబట్టి కంట్లో పొడి గానీ రసాయనం గానీ పడితే రెప్పలు తెరిచి పట్టుకుని, మంచినీళ్లతో అరగంట పాటు ఆపకుండా కడగాలి. ఆస్పత్రికి పరుగు ఆ తర్వాతే.

తారాజువ్వో రాయి ముక్కో తగిలి కన్ను చీలినట్టున్నా, రక్తం కారుతున్నా, ఏదైనా గుచ్చుకున్నా మాత్రం కడగొద్దు, నొక్కొద్దు, నలపనివ్వొద్దు. కంటికి తగలకుండా పైన ఒక కాగితం కప్పు బోర్లించి, దాని అంచులకు టేపు అంటించి తీసుకెళ్లండి. చుక్కల మందు, చనుబాలు, ఆముదం ఏవీ వేయొద్దు. ఆపరేషన్‌కు మత్తు ఇవ్వాల్సి రావచ్చు, కాబట్టి తినడానికి, తాగడానికి ఏమీ పెట్టొద్దు. హైదరాబాద్‌లో సరోజినీదేవి కంటి ఆస్పత్రికి ఏటా దీపావళి రాత్రి ఇలాంటి గాయాలతో వస్తూనే ఉంటారు. కాల్చినవాళ్లే కాదు, పక్కన నిలబడి చూసినవాళ్లూ వస్తారు. తెల్లారాక చూద్దామని పడుకోవద్దు.

ప్రశ్న: మా నాన్నగారికి ఉబ్బసం. పండగ రెండు రోజులూ ఇన్‌హేలర్ మోతాదు పెంచవచ్చా?
– ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: మీ అంతట మీరు పెంచకండి, రోజూ వాడేదాన్ని మానకండి. ముందే డాక్టరును కలిసి, ఆయాసం వస్తే ఏది ఎంత వాడాలో రాయించుకోండి. సాయంత్రం నుంచి కిటికీలు మూసి, లోపలి గదిలో ఉంచండి. పొగ తగ్గేదాకా అగరుబత్తి, సాంబ్రాణి కూడా ఆపండి. పిల్లలు ముచ్చటపడే పాముబిళ్లలను మీ వాకిట్లో కాల్చనివ్వకండి, అంత చిన్న బిళ్ల నుంచి వచ్చే పొగ బాంబుల పొగ కంటే ఘోరం. మాట పూర్తిచేయలేనంత ఆయాసం వస్తే 108కి ఫోన్ చేయండి.

ప్రశ్న: మిగిలిన టపాకాయలు నాగుల చవితికి దాచుకోవచ్చా? కొన్ని చెమ్మగిల్లాయి.
– ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: బాగున్నవాటిని పొయ్యికీ దేవుడి దీపానికీ దూరంగా, పొడి చోట, పిల్లలకు అందకుండా పెట్టుకోవచ్చు. ఉల్లిపాయ బాంబులు మాత్రం ఇంట్లో ఉంచొద్దు, బండి మీద తీసుకెళ్లొద్దు. వాటికి నిప్పు అక్కర్లేదు, దెబ్బ తగిలితే చాలు. 2024 దీపావళి నాడు ఏలూరులో స్కూటర్ మీద తీసుకెళ్తున్న ఉల్లిపాయ బాంబులు పేలి ఒకరు చనిపోయారు, మరికొందరు గాయపడ్డారు. చెమ్మగిల్లినవాటిని స్టవ్ దగ్గర ఆరబెట్టడం, పేలనివాటిని విప్పి మందు పోగుచేయడం అసలు వద్దు. పేలని టపాకాయ దగ్గరికి వెంటనే వెళ్లకండి. అరగంట ఆగి, దూరం నుంచే నీళ్లు పోసి, రాత్రంతా బకెట్లో నానబెట్టి పారేయండి.