విరిగిన కొమ్ము ఇఱ్ఱి

షేక్‌పేటలోని మా యింటినుండి వనస్థలిపురమునకు నగరమంతయు దాటి పోవలెను. అచ్చట నొకప్పుడు నిజాము ప్రభువులు కృష్ణజింకలను వేటాడుచుండిరి. 1975లో, మహావీరుని 2500వ నిర్వాణ వత్సర సందర్భమున, ఆ భూమికి మహావీర హరిణ వనస్థలియని పేరిడిరి. వేటభూమికి అహింసామూర్తి పేరు! ఇంతకంటె తగినది దొరకదు. తుపాకివేట 1972 నాటి చట్టముతో ముగిసెను, నాది కెమెరావేట.

మగజింకను ఇఱ్ఱి యనియు, ఆడుదానిని లేడి యనియు అందురు. నేను వెదకిన ఇఱ్ఱికి కుడికొమ్ము కొన విరిగియుండెను. మగదుప్పి కొమ్ములు రాలి మరల మొలచును. కృష్ణజింక కొమ్ము రాలదు, విరిగిన కొన తిరిగి రాదు. ఆ గుర్తుతోనే నాలుగు శీతకాలములు దాని వెంటబడితిని.

మొదటియేడు లేడి యొకటి నన్ను ముందుగా చూచి పైకెగిరెను. మంద యంతయు ఎగసి పరుగుదీసెను. రెండవయేడు నా తెల్లపంచె నన్ను పట్టియిచ్చెను. మూడవయేడు ఇఱ్ఱి కనబడలేదు గాని జాడ తెలిసినది. తన నేలను కాచుకొను ఇఱ్ఱి పలుమారు ఒకే చోట పెంటికలు వేయును. అట్టి కుప్ప బాటప్రక్కనే యుండెను.

నాలుగవయేడు మోకాళ్లనొప్పి ముదిరినది; మరుసటియేటికి రాజాలనని తెలిసియే దాని కెదురుగా కూర్చుంటిని. బాట దిగరాదని వననియమము. రెండు గంటలు గడచిన పిదప అది వచ్చెను. తొలియేడు గోధుమవన్నెగా నున్న మేను నల్లనై నిగనిగలాడుచుండెను. మీట నొక్కితిని. ఆ చిత్రము నాయొద్ద నున్నది. అందు కానవచ్చునది ఎఱ్ఱని దుమ్మును, దానిపైన విరిగిన కొమ్మును మాత్రమే.