పాట ఒకటి, గొంతులు నాలుగు

బొప్పాయి కాడతో పీపీ ఊదారా ఎప్పుడైనా? పుంగనూరులోనైనా కుప్పంలోనైనా, పెరట్లో చెట్టున్న ఇంటి పిల్లలకు ఇది కొత్తకాదు. జానెడు కాడ కోసి, పాలు కడిగి, రెండు చివరలూ తెరిచి, అంచుకు పెదవి ఆనించి ఊదండి. తర్వాత కింది చివరను బొటనవేలితో మూసి ఊదండి. శ్రుతి దాదాపు ఒక స్థాయి దిగిపోతుంది, పై 'స' నుంచి కింది 'స'కు. కాడ పొడవు మారలేదే! తెరిచిన గొట్టంలో సగం తరంగం ఇముడుతుంది. మూసిన దానిలో పావు తరంగమే. అంటే తరంగం రెట్టింపు పొడవైంది, సెకనుకు కంపనాలు సగమయ్యాయి.

ఇలాంటి గొట్టాలను వందలు, వేలు నిలబెట్టి, తిత్తులతో గాలి కొట్టి, మెట్లు నొక్కి పలికించే వాద్యమే ఐరోపా చర్చిల ఆర్గన్. సుమారు 2.4 మీటర్ల తెరిచిన గొట్టం సెకనుకు 65 కంపనాలిస్తుంది. వాయించేవాడికి చేతులు చాలవు. కాళ్ళ కింద కూడా మెట్లుంటాయి.

జర్మనీ చర్చిలలో జనమంతా కలిసి పాడే భక్తిగీతాన్ని కొరాల్ అంటారు. పాట మొదలయ్యే ముందు ఆర్గన్ మీద వాయించే చిన్న రచన కొరాల్ ప్రెల్యూడ్. మన ఆలాపనలాంటిదేనా? కొంతవరకే. ఆలాపన రాగాన్ని పరిచయం చేస్తుంది. ఇది ఆ పాట వరుసనే వినిపిస్తుంది. ఒక చెయ్యి పాటను తాపీగా నడిపిస్తుంటే, రెండో చెయ్యి, కాళ్ళు వేరే వరుసలు అల్లుతాయి. తరచు నాలుగు గొంతులు, నాలుగూ ఒకేసారి! బాఖ్ 164 పాటలకు ఇలాంటివి రాయాలనుకుని ఒక పుస్తకం మొదలుపెట్టాడు. 46 మాత్రమే పూర్తయ్యాయి. చాలావరకు 1708-1717 మధ్య, వైమార్‌లో. అది నేర్చుకునేవాళ్ళ కోసం రాసిన పుస్తకమట! మొదటి పుట చూసి బెదిరిపోయే విద్యార్థులు నేటికీ ఉన్నారు.

ఇన్ని గొంతులు ఢీకొనకుండా నడవాలంటే ప్రతి స్వరం ఎప్పుడు మొదలై ఎంతసేపు నిలవాలో కాగితం మీద ఉండాలి. కాగితం అనగానే మదనపల్లె గుర్తురావాలి. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ అక్కడి దివ్యజ్ఞాన కళాశాలకు వచ్చి 'జనగణమన' పాడారు. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ ఐర్లండులో సంగీతం చదివినావిడ; ఆ వరుసకు పాశ్చాత్య స్వరలిపి రాసిపెట్టారు. 1911లో కలకత్తాలో తొలిసారి పాడిన ఆ పాట 1950లో జాతీయగీతమైంది. (దాని చుట్టూ మాత్రం సొంత వరుసలు అల్లకండి! అందుకు 'చందమామ రావే' చాలు. ఒకరు నెమ్మదిగా పాడండి, మరొకరు కింది 'స' పట్టుకోండి.)

మరి మన ఊళ్ళ చర్చిలలో గొట్టాల ఆర్గన్ బదులు హార్మోనియమే ఎక్కువ కనిపిస్తుందెందుకు? ఖరీదు, చోటు సరే. ఇంకొక తిరకాసు ఎండ. గాలిలో ధ్వని వేగం 15 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గర సెకనుకు సుమారు 340 మీటర్లు, 35 దగ్గర 352. గొట్టం పొడవు అంతే ఉన్నా, శ్రుతి వేగంతోపాటే నూటికి మూడున్నర వంతులు పెరుగుతుంది. పక్కపక్క మెట్ల మధ్య తేడా నూటికి ఆరే కనుక, చలికాలం వేకువన సరిపోయిన గొట్టం మే మధ్యాహ్నం అరమెట్టు దాటి ఎక్కిపోతుంది. హార్మోనియంలో కంపించేది ఇత్తడి నాలుక. దాని శ్రుతి ఎండకు ఏమంత చలించదు. రెండింటినీ కలిపి వాయిస్తే చెవులు మూసుకోవలసిందే.

ఆర్గన్‌కు శ్రుతి సరిచేసేవాళ్ళు ఆ రోజు ఉష్ణోగ్రత ఎంతో కూడా రాసి పెట్టుకునేది ఇందుకే.