టగ్గు, బార్జి, దీపం: అంతర్గత జలమార్గాలలో రక్షణ సామగ్రి

ఆర్.కె.పేట ప్రాంతంలో పడవ నడిచే నది లేదు. తిరుత్తణి, పళ్ళిపట్టు పరిసరాలలోని వాగులు ఏడాదిలో అధికభాగం ఇసుకగానే కనిపిస్తాయి. వానకాలంలో పారే నీరు కొసస్తలై నదిలో కలిసి, పూండి జలాశయం మీదుగా సాగి, ఎన్నూరు వద్ద సముద్రాన్ని చేరుతుంది. మగ్గాల పని తగ్గిన తరువాత ఇక్కడి తెలుగు కుటుంబాలలో కొన్ని అదే దిక్కుగా, చెన్నై ఉత్తర శివార్లకు తరలివెళ్ళాయి. ఎన్నూరు, కాట్టుపల్లి, పళవేర్కాడు ప్రాంతాలలో రేవు పనికో, పడవ పనికో, కనీసం సెలవు రోజున పులికాట్ సరస్సు చూడడానికో వెళ్ళే ఈ కుటుంబాలకు నీటి మీది నియమాలు పుట్టుకతో వచ్చినవి కావు. బస్సు ఎక్కేటప్పుడు ఏది ప్రమాదమో ఊరివారికి తెలుసు. పడవ ఎక్కేటప్పుడు తెలియదు. ఈ పాఠం ఆ లోటును ఉద్దేశించినది.

నీటి మీద సరుకు మోసే పద్ధతులలో విస్తారంగా వాడుకలో ఉన్నది టగ్గు, బార్జి జంట. బార్జి అనగా సాధారణంగా తనకంటూ ఇంజను లేని, అడుగు చదునుగా ఉండే ఇనుప పడవ. గోదావరి జిల్లాలలో ఇటువంటి చదును పడవను పంటు అంటారు. టగ్గు అనగా బలమైన ఇంజను గల చిన్న నావ. అది బార్జిని మోకుతో వెనుక లాగుతుంది, లేదా ముందుంచి నెడుతుంది. ఒక టగ్గు అనేక బార్జిలను కలిపి కట్టి నడపగలదు. వందల టన్నుల సరుకును కొద్దిమంది సిబ్బందితో తరలించగల ఈ ఏర్పాటులో ఒక చిక్కు ఉంది: నీటికి బ్రేకు లేదు. ఇంజను ఆపినా బార్జి తన బరువుతో ముందుకు సాగుతూనే ఉంటుంది. లాగే టగ్గు హఠాత్తుగా ఆగితే వెనుకనున్న బార్జి వచ్చి దానినే గుద్దగలదు. నెట్టే టగ్గులోని సరంగుకు ముందున్న బార్జిల అవతల కొంత దూరం వరకు నీరే కనబడదు. ఆ కనబడని నీటిలో చేపల పడవ ఉన్నా తెలియదు.

ఈ లాగుడు విద్య తెలుగువారికి కొత్తది కాదు. మద్రాసు నుండి ఎన్నూరు వరకు 1806లో మొదలైన కాలువ క్రమంగా ఉత్తరానికి పెరిగింది. 1876-78 నాటి ధాత కరువులో కూలి కోసం వచ్చిన జనంతో మద్రాసు నగరంలో మరొక భాగం తవ్వించారు. అప్పటి గవర్నరు పేరిట అది బకింగ్‌హాం కాలువ అయింది. పెదగంజాం నుండి మరక్కాణం వరకు సుమారు 420 కిలోమీటర్ల పొడవున్న ఈ కాలువలో ధాన్యం, ఉప్పు, కట్టెలు మద్రాసుకు చేరేవి. గాలి అనుకూలిస్తే తెరచాప, లోతు తక్కువైతే గెడ, రెండూ పనికిరానప్పుడు మనిషి. కళాసీలు గట్టు వెంట నడుస్తూ భుజాన మోకు వేసుకొని పడవను లాగేవారు. మనిషి నడిచే వేగంతో సాగిన ఆ కాలంలో రాడారుతో పని లేదు. లాకుల వద్ద వేచి ఉండే ఓర్పు చాలును. తుఫానుల తాకిడి, రైలు, లారీల పోటీ కాలువను దెబ్బతీశాయి. నగరంలో 1990లలో ఎత్తైన రైలుమార్గపు స్తంభాలు కాలువలోనే నిలిచాయి. కాకినాడ-పుదుచ్చేరి కాలువల వ్యవస్థను, దానితోపాటు గోదావరి, కృష్ణా నదుల కొన్ని భాగాలను 2008లో నాలుగవ జాతీయ జలమార్గంగా ప్రకటించారు. పని ముందుగా ప్రారంభమైనది కృష్ణలో, ముక్త్యాల-విజయవాడల నడుమ. తమిళనాడు భాగంలో సరుకు బార్జి తిరిగే రోజు ఇంకా దూరమే. అయితే నియమాలు నేర్చుకోవడానికి ఆ రోజు కోసం ఆగనవసరం లేదు. ఎన్నూరు రేవులో టగ్గులు ఈనాడే ఉన్నాయి.

పొగమంచులో ఒక రాత్రి

టగ్గులో ఏ సామగ్రి ఉండాలన్న ప్రశ్నకు ప్రపంచం చాలా ప్రాణాలు చెల్లించి సమాధానం తెలుసుకొన్నది. అమెరికాలోని అలబామా రాష్ట్రంలో 1993 సెప్టెంబరు 22 తెల్లవారుజామున మావిల్లా అనే టగ్గు ఆరు బార్జిలను నెట్టుకొంటూ మొబైల్ నదిలో ఎగువకు పోతున్నది. దట్టమైన పొగమంచు కమ్మింది. గట్టున ఎక్కడైనా కట్టివేసి మంచు విడిచేవరకు ఆగుదామని సరంగు భావించాడు. ఆలోచన సరైనదే. కాని ఆ మంచులో అతడు నది విడిచి, బిగ్ బయూ కానో అనే పక్కపాయలోకి తిరిగిన సంగతి గ్రహించలేదు. సరుకు పడవలు వెళ్ళకూడని పాయ అది. రాడారు తెర మీద అడ్డుగా ఒక గీత కనిపించింది. అది మరొక బార్జిల వరుస అని, దానికి కట్టుకోవచ్చునని అతడు అనుకొన్నాడు. నిజానికి అది రైలు వంతెన. బార్జి తగిలి వంతెన పక్కకు జరిగింది. పట్టాలు పూర్తిగా తెగలేదు గనుక రైల్వే సిగ్నలు ఎర్రగా మారలేదు. కొద్ది నిమిషాలకే, 2 గంటల 53 నిమిషాలకు, సన్‌సెట్ లిమిటెడ్ అనే ప్రయాణికుల రైలు ఆ వంతెన మీదికి వచ్చింది. 47 మంది మరణించారు.

విచారణలో తేలిన విషయాలు ఈ పాఠానికి ఆయువుపట్టు. టగ్గులో రాడారు ఉంది. దానిని చదవడంలో సరంగుకు తగిన శిక్షణ లేదు. దిక్సూచి లేదు, ఉండి ఉంటే నది నుండి పాయలోకి తిరిగిన మలుపు దాని ముల్లు మీద కనిపించేది. ఆ నీటి పటం లేదు; ఉండి ఉంటే ముందు వంతెన ఉన్నదని కాగితం చెప్పేది. వంతెనలో ఒక భాగాన్ని అవసరమైతే తిప్పుకొనే విధంగా కట్టి, గట్టిగా బిగించకపోవడం మరొక లోపం. టగ్గు నడిపేవారికి అనుమతి ఇచ్చే ప్రమాణాలు చాలనంతగా లేవని ప్రభుత్వాన్ని కూడ విచారణ సంఘం తప్పుపట్టింది. పెద్ద నౌకకు ఉండే నియమాలు చిన్న టగ్గుకు లేకపోవడమే అసలు లోపమని చెప్పవచ్చు. టగ్గు చిన్నదే, కాని అది నెట్టే బరువు చిన్నది కాదు.

ఆ తరువాత 1996లో వచ్చిన అమెరికా నియమం పన్నెండు మీటర్లు, అంతకు మించిన టగ్గులకు ఒక పట్టిక విధించింది. నావిక రాడారు ఉండాలి. చుక్కాని చక్రం వద్ద నుండే తిప్పగల సెర్చిలైటు ఉండాలి; దాని వెలుగు బార్జిల వరుస పొడవుకు కనీసం రెండింతల దూరం వరకు వస్తువులను చూపాలి. ఈ కొలత గమనించదగినది: దీపం ఇన్ని వాట్లని చెప్పలేదు, ఇంత దూరం చూపాలని చెప్పింది. బరువు పెరిగితే ఆగే దూరం పెరుగుతుంది, ఆగే దూరం పెరిగితే చూపు పెరగాలి. వి.హెచ్.ఎఫ్. రేడియో ఉండాలి. దిక్సూచి, లేదా నావ ఎటు తిరుగుతున్నదో చూపే మీటరు ఉండాలి. లోతు కొలిచే ధ్వనియంత్రం, స్థానం తెలిపే సాధనం నడిచే నీటిని బట్టి అవసరమవుతాయి. చివరిది కాగితపు పని: ఆ ప్రాంతపు పటాలు, తాజావి. పాత పటంలో కొత్త వంతెన ఉండదు.

ఒక రోజుకు మించిన ప్రయాణానికి ముందు, అలాగే కొత్త సరంగు బాధ్యత తీసుకొన్నప్పుడు, చుక్కాని, దీపాలు, రేడియో, లాగుడు సామగ్రి పరీక్షించాలి. దారిలో రాడారు చెడిపోతే ఆ విషయం లాగుపుస్తకంలో రాయాలి, ముందుకు వెళ్ళడమా ఆగడమా అన్నది దానిని లెక్కలోకి తీసుకొని నిర్ణయించాలి. లారీ డ్రైవరు హెడ్‌లైటు పోయినా తెల్లవారేలోగా సరుకు చేర్చాలని పరుగెత్తే అలవాటు నీటి మీద మరింత ప్రమాదకరమైనది. రహదారి పక్కన ఆగితే లారీ నిలుస్తుంది, నదిలో ఆగాలంటే లంగరు పట్టాలి.

దీపాల భాష

అంతర్జాతీయ నౌకా నియమాలలో దీపాలకు, బూర శబ్దాలకు నిర్దిష్టమైన అర్థాలు ఉన్నాయి. ఒక టగ్గులో తెలుగు సరంగు, తమిళ ఇంజను డ్రైవరు, ఒడియా కళాసీ ఉండవచ్చు. ఎదురు వచ్చే పడవలో మరొక భాష. దీపానికి ఆ చిక్కు లేదు.

ప్రతి యంత్రపు నావకు ఎడమవైపు ఎర్రదీపం, కుడివైపు ఆకుపచ్చ దీపం, వెనుక తెల్లదీపం, ముందుకు చూపే స్తంభదీపం ఉంటాయి. ఎదుట ఎరుపు, ఆకుపచ్చ రెండూ కలిసి కనిపిస్తే ఆ నావ నేరుగా చూసేవాని మీదికే వస్తున్నదని అర్థం. లాగే టగ్గుకు ఒకదాని పైన ఒకటిగా రెండు తెల్లని స్తంభదీపాలు ఉండాలి. టగ్గు వెనుక భాగం నుండి చివరి బార్జి కొస వరకు 200 మీటర్లు మించితే అవి మూడు కావాలి. పగటిపూట వజ్రాకారపు గుర్తు ఎత్తాలి. వెనుక తెల్లదీపానికి పైన పసుపు దీపం ఒకటి, లాగుతున్నామని వెనుకవారికి చెప్పడానికి.

చేపల పడవ నడిపేవారు గుర్తుంచుకోవలసినది ఇక్కడే ఉంది. నిలువుగా రెండు తెల్లదీపాలు ముందుకు సాగిపోయిన తరువాత చీకటి నీరు ఖాళీగా కనిపిస్తుంది. కొంత దూరం వెనుక ఒక ఎర్రదీపమో ఆకుపచ్చ దీపమో విడిగా వస్తుంటుంది. ఆ రెండింటి నడుమ దారి ఉన్నదని దూరితే మోకు అడ్డు తగులుతుంది. వదులుగా ఉన్నప్పుడు నీటిలో మునిగి ఉండే ఆ మోకు బిగిసిన క్షణాన చిన్న పడవను తిరగవేస్తుంది. వెనుక వచ్చే బార్జి ఆగలేదు. నిలువు దీపాల జంట కనిపించినప్పుడు చివరి బార్జి పూర్తిగా దాటిపోయేవరకు వేచి ఉండడమే మార్గం.

పొగమంచులో దీపం పనిచేయదు, బూర పనిచేస్తుంది. మామూలు యంత్రపు నావ సాగుతున్నప్పుడు రెండు నిమిషాలకు మించని వ్యవధితో ఒక దీర్ఘ శబ్దం చేయాలి. లాగే టగ్గు ఒక దీర్ఘం, వెంటనే రెండు హ్రస్వాలు. ఛందస్సు చదివినవారికి ఒక గురువు, రెండు లఘువులు: భగణమే. కాలువ మలుపు అవతల ఏమున్నదో కనబడనప్పుడు ఒక దీర్ఘం. ఎదుటి నావ ఉద్దేశం అర్థం కానప్పుడు త్వరత్వరగా కనీసం ఐదు హ్రస్వాలు. ఇరుకు దారిలో తన కుడి గట్టుకు చేరువగా నడవాలి. మన రోడ్డు అలవాటుకు ఇది విరుద్ధం.

మన చట్టం

భారతదేశంలో 1917 నాటి ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం ఒక శతాబ్దం పాటు అమలులో ఉంది. రాష్ట్రానికొక నియమావళి ఉండేది. సరిహద్దు దాటే పడవకు చిక్కులు ఉండేవి. పులికాట్ సరస్సు రెండు రాష్ట్రాలలో పరచుకొని ఉన్నందున ఈ సంగతి ఇక్కడివారికి సులభంగా అర్థమవుతుంది. దాని స్థానంలో వచ్చిన 2021 చట్టం ప్రకారం ఒక రాష్ట్రంలో నమోదైన యంత్రపు నావ దేశమంతటా చెల్లుతుంది. నావకు సర్వే ధ్రువపత్రం, నమోదు, భీమా, సిబ్బందికి యోగ్యతా పత్రం ఉండాలి. దీపాలు, సంకేతాలు, ప్రాణరక్షక సామగ్రి, అగ్నిమాపక సామగ్రి, సమాచార సాధనాలు నియమాల ప్రకారం ఉండాలి. యంత్రం లేని పడవల పేర్ల నమోదును స్థానిక సంస్థల ద్వారా జరిపే వీలు కూడ ఈ చట్టంలో ఉంది.

నడిచే పడవకే నియమం చాలదని కృష్ణ చూపింది. 2024 సెప్టెంబరు 1న రికార్డు వరద నడుమ ఎగువ నుండి కొట్టుకువచ్చిన భారీ ఇనుప పడవలు విజయవాడ ప్రకాశం బారేజీని తాకాయి. గేట్ల కాంక్రీటు బరువుదిమ్మెలు దెబ్బతిన్నాయి. బారేజీలో చిక్కిన పడవలను తీయడానికి చాలా రోజులు పట్టింది. మనిషి లేని, దీపం లేని, ఇంజను లేని పడవకు రక్షణ సామగ్రి దాని కట్టుమోకు ఒక్కటే. మామూలు నీటికి సరిపోయే మోకు వరద నీటికి సరిపోదు.

ఇక ప్రయాణికుని సంగతి. 2011 డిసెంబరు 25న పళవేర్కాడు వద్ద విహారానికి వెళ్ళిన పడవ బోల్తాపడి ఇరవై మందికి పైగా మరణించారు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు వద్ద రాయల్ వశిష్ఠ లాంచీ మునిగినప్పుడు నది వరదలో ఉంది. ఈ రెండూ టగ్గులు కావు. అయినా రేవులో నిలిచినవాడు చూడవలసినవి ఒక్కటే. పడవ మీద నమోదు సంఖ్య రాసి ఉన్నదా? ఎంతమందిని ఎక్కించవచ్చునో రాసి ఉన్నదా, ఎక్కినవారు అంతకు మించారా? లైఫ్ జాకెట్లు పిల్లల కొలతతో సహా తలకొకటి ఉన్నాయా, లేక మూటగట్టి అడుగున పడవేశారా? చీకటి పడ్డాక తిరిగి వచ్చేటట్లయితే ఎరుపు, ఆకుపచ్చ దీపాలు వెలుగుతున్నాయా? టిక్కెట్టు కొన్న తరువాత అడగడానికి మొహమాటపడేవారు ఎక్కువ; అందుచేత ఇవి టిక్కెట్టుకు ముందే అడగవలసిన ప్రశ్నలు.

సముద్రంలోగాని ముఖద్వారం దగ్గరగాని ప్రమాదం జరిగితే తీరరక్షక దళం ఉచిత సంఖ్య 1554. లోపలి నీటిలోనైతే 112. పడవలో వి.హెచ్.ఎఫ్. రేడియో ఉంటే పదహారవ ఛానెల్‌లో 'మేడే' అని మూడుసార్లు పలికి, నావ పేరు, ఉన్న చోటు, జరిగినది, ఉన్నవారి సంఖ్య ఈ వరుసలో చెప్పాలి. వినేవారికి ముందుగా కావలసినది చోటు. సరస్సు నడుమ నుండి మాట్లాడేవారు 'నీళ్ళలో ఉన్నాము' అని చెప్పడం కంటే కనిపించే దీపస్తంభం, వంతెన, గుడి గోపురం ఏ వైపు ఉన్నదో చెప్పడం మేలు.