కాఫీకి మారుగా

తెలుగునాట ననేక గృహములలో కాఫీ వాసనతోనే తెల్లవారును. 17వ శతాబ్దమున బాబా బుదన్ అను సూఫీ సాధువు యెమెన్ దేశమునుండి కాఫీ గింజలను తెచ్చి చిక్కమగళూరు కొండలపై నాటెనని చెప్పుదురు. మన అరకులోయలో గిరిజనులు పండించు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఇంత ప్రియమైన ఈ పానీయము కొందరి కడుపునకు మాత్రము సరిపడదు. అట్టివారు చేయవలసిన దేమి?

ఆహారము జీర్ణమగుటకు మన జీర్ణకోశము ఆమ్లమును స్రవించును. కాఫీ ఆ స్రావమును హెచ్చించును. అంతియ గాక, అన్నవాహికకును జీర్ణకోశమునకును నడుమ నున్న కండరపు వలయమును కొందరిలో సడలించును. అప్పుడు ఆమ్లము పైకి వచ్చి ఛాతీలో మంట పుట్టించును. కెఫీను తీసివేసిన కాఫీ సైతము ఆమ్లమును పెంచును గనుక దోషమంతయు కెఫీనుదే యనరాదు. కడుపులోని పుండ్లకు కాఫీయే కారణమని తలచుటయు సరి కాదు. బారీ మార్షల్, రాబిన్ వారెన్ అను ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు 1982లో హెలికోబాక్టర్ పైలోరి అను సూక్ష్మజీవిని వేరుపరచి, ఆ పుండ్లలో పెక్కింటికి అదియే మూలమని చూపిరి. ఇందులకు 2005లో వారికి నోబెల్ బహుమానము లభించినది. కాఫీ పుండును పుట్టింపకున్నను, సున్నితమైన కడుపును బాధింపగలదు.

కాఫీకి మారు వెదకువారు మొదట, “ఇది నాకే పని చేసిపెట్టుచున్నది?” అని ప్రశ్నించుకొనవలెను. కాఫీ చేయు పనులు ముఖ్యముగా నాలుగు.

మొదటిది వేడిని, రుచిని ఇచ్చుట. ఇందులకు మారు సులభము. ధనియాలను కొద్ది జీలకర్రతో దోరగా వేయించి, దంచి, నీట మరిగించి వడగట్టి, పాలు బెల్లము చేర్చిన ధనియాల కాఫీ మన పెద్దలకు తెలిసినదే. ఇటలీలో బార్లీ గింజలను మాడ్చి కాఫీవలె కాచుదురు. వేయించిన చికోరీ వేరు రంగునందును చేదునందును కాఫీని పోలియుండును. అందు కెఫీను లేదు. కాని అంగడిలో దొరకు కాఫీ చికోరీ మిశ్రమమున కాఫీ నూటికి 51 పాళ్లకు తగ్గరాదని నియమము కలదు. కావున మిశ్రమము వేరు, వట్టి చికోరీ వేరు. చికోరీ వలన కొందరికి కడుపుబ్బరము కలుగును.

రెండవది ఆకలిని మరపించుట. ఎందరో తల్లులు అందరికంటె ముందు పొయ్యి వెలిగించి, అందరు తినిన పిదప తిందురు. అంతవరకు వారికి కాఫీయే యాధారము. వారికి కావలసినది వేరొక కషాయము కాదు, ఆహారము. రాగిపిండిని చన్నీట కలిపి, మరుగునీట పోసి, ఉండ కట్టకుండ ఉడికించి, చల్లారిన పిదప మజ్జిగ, ఉప్పు చేర్చిన జావ ఆకలిని తీర్చును.

మూడవది మర్యాద. అతిథి కాదనలేక త్రాగును. గృహస్థు ఇయ్యకున్న లోపమని ఇచ్చును. బాధపడునది అతిథి కడుపు. “కాఫీ పుచ్చుకొందురా, మజ్జిగ పుచ్చుకొందురా?” అని యడిగిన నిద్దరికిని సుఖము.

నాలుగవది నిద్రను తరుముట. దీనికి మారు నిద్రయే. పెద్దవారి దేహమున కెఫీను సగమగుటకు సుమారు 5 గంటలు పట్టును. సాయంకాలము త్రాగిన కాఫీ రాత్రి నిద్రను చెరచును. మరునాటి మగత మరల కాఫీ నడుగును.

కొన్ని జాగ్రత్తలు కూడ తెలిసికొనవలెను. తేనీటిలోను కెఫీను కలదు, కాని సాధారణముగా కాఫీలో కంటె తక్కువ. పుదీనా చల్లనిదని పేరేగాని, ఛాతీమంట గలవారిలో కొందరికి అది పడదు. నిత్యము కాఫీ త్రాగువారు ఒక్కసారిగా మానిన తలనొప్పి కలుగును. కావున దినదినము కొంత తగ్గించుట మేలు. ఒకరికి హితమైనది మరియొకరికి హితము కాకపోవచ్చును గనుక, ఒక్కొక్క పానీయమును కొలది దినములు త్రాగి చూడవలెను. మ్రింగుటకు కష్టమైనను, కారణము లేక బరువు తగ్గినను, నెత్తురు వాంతియైనను, మలము నల్లబడినను పానీయములు మార్చుచు కాలము గడపరాదు. వెంటనే వైద్యుని చూడవలెను.

విద్యార్థులారా! మీ యింట నెవరైన కాఫీ త్రాగి ఛాతీ రుద్దుకొనుట చూచితిరేని, వారిని మందలింపకుడు. “అమ్మా, ఉదయమునుండి ఏమైన తింటివా?” అని ముందుగా నడుగుడు. లేదనినచో జావ కాచుట మీరును నేర్చుకొనవచ్చును.