వాగునకును ఒక సరిహద్దు

పాఠ్యభాగములు: యెహెజ్కేలు 47:1–12, ద్వితీయోపదేశకాండము 19:14

యెహెజ్కేలు ప్రవక్త నదీతీరమునకు మరల తేబడినప్పుడు మొదట అతని కంటబడినవి చేపలు కావు, ఇరుప్రక్కలనున్న చెట్లు. ఈ అధ్యాయము చదువునప్పుడు మనము నీటి లోతునే తలంచుదుము గాని ఒడ్డును తలంచము. మన పొలముల ప్రక్క ఒడ్డు అనునది మిగిలియున్నదా? ఏడాదికొక చాలు చొప్పున వాగు అంచువరకు దున్నితిమి. ఇందులో మేమును నిర్దోషులము కాము.

2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగిన సంగతి మీరెరుగుదురు. మైలవరము ప్రాంతపు కొండలలో పుట్టి కొల్లేటిలో కలియు ఆ యేరు, మామూలు దినములలో ఎవరును లెక్కచేయనిది. భారీ వర్షమునకు గండ్లు పడి, విజయవాడలో సింగ్ నగర్ మొదలైన పేటలు దినముల తరబడి నీట మునిగెను. వాన మిక్కుటమే. అయితే యేటి చోటును మనుష్యులు ఆక్రమించుటయు నిజమే.

గాలి ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కినచో సుమారు 7 శాతము అధికముగా తేమను పట్టుకొనగలదు. అందుచేత కుండపోత వానలు హెచ్చుచున్నవి. ఒడ్డున తెల్లమద్ది, కానుగ, నేరేడు, వాటి దిగువ రెల్లు, తుంగ ఉన్నచో, వేళ్లు మట్టిని పట్టి కోతను తగ్గించును. వరద నెమ్మదించి నీరు ఇంకుటకు వ్యవధి దొరకును. పొలమునుండి కొట్టుకొనివచ్చు ఎరువును, ఒండ్రును ఆ గడ్డి ఆపును. వేసవిలో నీడపట్టున నీరు అంతగా కాగదు. చల్లని నీటిలో ప్రాణవాయువు ఎక్కువ నిలుచును గనుక చేపలు బ్రదుకును. (సర్కారు తుమ్మ పచ్చదనమును చూచి ఒడ్డు బాగుపడెనని మోసపోకుడి. అది తన చెంత ఇతర మొక్కలను ఎదగనియ్యదు.)

ఎకరమే ఉన్నవాడు నాలుగు బారల నేల విడుచుట చిన్న మాటయా? కాదు. గట్టు నిలిచినచో మేలు దిగువవారికి, నష్టము అతనికి. కాబట్టి ఆ భారమును అతని ఒక్కని మీద వేయుట న్యాయము కాదు. మొక్కలు, కంచె, కాపలా సంఘమంతయు పంచుకొనవలెను. పొరుగువాని సరిహద్దు రాతిని జరుపకూడదను ఆజ్ఞను మనము గట్టుమీది రాతికే వర్తింపజేయుచున్నాము. వాగు హద్దును జరిపినప్పుడు జరుగునది దిగువనున్నవాని రాయి కాదా?

తొలకరిలో నాటుడి. నీటిపారుదల నడుమ నాటక, గట్టుమీదనే నాటుడి. మూడేండ్లు మేకలను దరిచేరనియ్యకుడి.

కూడికలో మాటలాడుకొనుటకు: గ్రామపు సర్వే పటములో మన వాగు వెడల్పు ఎంత? నేడు కొలిచిన ఎంత?