వేటబాణపు అలుగు: దాని యుక్కు, పదును, అమరిక

అడవి యంచు గ్రామములందు జొన్న, మొక్కజొన్న, వేరుసెనగ పండించు రైతులకు అడవిపంది చేయు చేటు వేరుగ చెప్పనక్కఱలేదు. మంద యొకటి ఒక్క రాత్రి చేనిలో దిగిన యెడల తిన్నదానికంటె త్రొక్కి పాడుచేసినదియే యెక్కువ. పూర్వ మిట్టి తావులందు మంచెమీద కావలి యుండువారికి వడిసెలతో పాటు విల్లును తోడుగా నుండెడిది. నల్లమల చెంచులును, గోదావరి కొండలలోని కొండరెడ్లును విండ్లు వాడుటను గూర్చి హైమెన్‌డార్ఫు పండితుడు 1943, 1945 సంవత్సరములలో ప్రకటించిన గ్రంథములలో వర్ణించియున్నాడు.

ఇప్పటి స్థితి వేరు. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి వ్రాతమూలకమైన యనుమతి లేక అడవిమృగమును వేటాడుట నేరము. మృగము పైరు పాడుచేసిన దైనను అనుమతి నీయవలసినవాడు వన్యప్రాణి ముఖ్య సంరక్షకుడో, అధికారము పొందిన యుద్యోగియో గాని పొలము గలవాడు తనంతట తాను తీర్పరి కాజాలడు. కావున నిందు చెప్పబోవు సంగతులలో అధికభాగము, విల్లుతో వేట శాసనసమ్మతముగా నుండు అమెరికా మొదలగు దేశముల వారి యనుభవమునుండి గ్రహింపబడినది. అయినను ఇందలి ముఖ్యాంశము ఉక్కును, వాదరను గూర్చినది. ఉక్కు కొడవలియం దున్నను, అలుగునం దున్నను దాని స్వభావ మొక్కటియే.

మొదట అలుగు చేయవలసిన పని యేమో తెలియవలెను. తుపాకి గుండు తన వేగముచేత మాంసమును చిదిపి, యెముకను విఱిచి, మృగమును పడగొట్టును. బాణమున కంతటి వేగము లేదు. అది చంపుట కోయుటవలననే, అనగా నెత్తురు నాళములను తెంపి రక్తస్రావము కలిగించుటవలననే. వాదర పదునుగా నున్నచో నాళము తాకినంతనే తెగును, నెత్తురు త్వరగా గడ్డకట్టదు, మృగము కొలది నిమిషములలో పడిపోవును. వాదర మొద్దుగా నున్నచో సాగెడు స్వభావము గల నాళము ప్రక్కకు తొలగును. తెగినను చీలికలు పేలికలై తెగి, నెత్తురు శీఘ్రముగా గడ్డకట్టును. అట్టి మృగము గాయముతో పొదలలో దూరి దినములకొలది బాధపడి చచ్చును. పంది యైనచో మఱునాడు ఆ దారిని వచ్చు పసులకాపరిపై పడును. ఇంతటి యనర్థము ఒక్క మొద్దు వాదరవలన కలుగును గనుక, అలుగు కొనుటలో ధర తగ్గించు యోచన పనికిరాదు.

ఈ విషయమున శోధన చేసినవారిలో సాన్‌ఫ్రాన్సిస్కో నగరమున శస్త్రవైద్యుడుగా నుండిన సాక్స్‌టన్ పోప్ ముఖ్యుడు. యాహీ యను నాదిమజాతిలో చిట్టచివర మిగిలిన ఇషీ యనునతడు 1911లో కాలిఫోర్నియా రాష్ట్రమున బయటపడి, 1916లో మరణించువఱకు అచ్చటి విశ్వవిద్యాలయపు ప్రదర్శనశాలలో నుండెను. ఇషీ వలన పోప్ విలువిద్య నేర్చుకొని, 1923లో విల్లుతో వేటను గూర్చి యొక గ్రంథము ప్రకటించెను. ఇషీ తన అలుగులను అగ్నిపర్వతపు నల్లగాజురాతితోను, ఒక్కొక్కప్పుడు పగిలిన సీసాల గాజుతోను చెక్కుకొనెడివాడు. పోప్ పోల్చి చూచినప్పుడు రాతి అలుగు ఉక్కు అలుగుకంటె లోతుగా దిగెను. వాదర యొక్క సన్నదనము లోహబలముకంటె నెక్కుడు పని చేయుననుట కిది నిదర్శనము. అయితే గాజురాయి యెముకకు తగిలిన యెడల పగులును. ఒకమాఱు పగిలినది మరల పనికిరాదు. పదునును, మన్నికయు నొక్కచోట కూర్చుటయే యీ వ్యవహారములోని చిక్కు.

ఇక ఆకారము. రెండు రెక్కల అలుగు, మూడు రెక్కల అలుగు అని ముఖ్యముగా రెండు తెగలు. రెండు రెక్కలది తక్కువ బలముతో లోతుగా దిగును. మూడు రెక్కలది పెద్ద రంధ్రము చేసి నెత్తుటి జాడను స్పష్టముగా విడుచును గాని, లోనికి పోవుటకు హెచ్చు బలము కోరును. ఎక్కుపెట్టినప్పుడు నలువది, ఏబది పౌనుల లాగుడు గల కఱ్ఱవింటికి రెండు రెక్కలదే తగును. తగిలినపిమ్మట రెక్కలు విచ్చుకొను మరల అలుగులును అంగళ్లలో నున్నవి; విచ్చుకొనుటకే బాణపు బలములో కొంత వ్యయ మగును గనుక అవి కఱ్ఱవింటికి పనికిరావు. వెడల్పున కించుమించు మూడురెట్లు పొడవుండుట మంచి కొలతయని యనుభవజ్ఞుల యభిప్రాయము. పొట్టియై వెడల్పైన అలుగు మొద్దు మేకువలె నాగిపోవును. కొన కంటికి మిక్కిలి సూదిగా కనబడుట గొప్పగాదు. సూదికొన యెముక తగిలినంతనే వంకరపోయి కొక్కెమువలె నగును. కొంచెము ఉలివలె కత్తిరించిన కొనయే నిలుచును. వెనుక ముండ్లు తేలిన అలుగులను వాడరాదు. తప్పించుకొన్న మృగపు టొడలినుండి అవి యూడిరావు. ఈ కారణమున అమెరికాలో కొన్ని రాష్ట్రములు ముండ్ల అలుగులను నిషేధించి, పెక్కు రాష్ట్రములు అలుగు వెడల్పు అంగుళములో ఎనిమిదింట ఏడు పాళ్లకు తగ్గరాదని నియమించినవి.

వాదర వాలును గూర్చి యొక్కమాట. రెండుప్రక్కల వాలు గలదానికంటె, ఉలివలె ఒక్కప్రక్క మాత్రమే వాలు గల అలుగు మాంసములో తిరుగుచు పోవును. దీని నెన్నుకొన్నవారు బాణపు టీకలు త్రిప్పు దిక్కును, వాలు త్రిప్పు దిక్కును ఒక్కటిగా నుండునట్లు చూచుకొనవలెను. లేనిచో ఒకటి కుడికి, ఒక టెడమకు లాగును.

అన్నిటికంటె హెచ్చు శ్రద్ధ వహింపవలసినది ఉక్కు విషయమున. ఇనుములో బొగ్గుపాలు తగినంత కలిసినపుడే అది ఉక్కై, కాచి నీరు పట్టించినపుడు గట్టిపడును. మెత్తని యినుము నెంత యెఱ్ఱగా కాచి నీట ముంచినను గట్టిపడదు. దీనిని కనుగొనుటకు కమ్మరి యింటనే ఉపాయము కలదు. ముక్కను సాణచక్రమునకు తాకించినప్పుడు మెత్తని యినుమునుండి నిప్పురవ్వలు పొడవైన గీతలుగా మాత్రమే వచ్చును. ఉక్కునుండి వచ్చు రవ్వలు చివర పువ్వువలె చిట్లి కొమ్మలు కొమ్మలుగా విచ్చుకొనును. పాత ఆకురాయి, ఱంపపుబద్ద, మోటారుబండి కమానుపట్టీ మొదలగువాటిలో మంచి యుక్కు కలదు. తలుపుబద్దల యినుమును తెచ్చి, ఇది గట్టిదే యని చెప్పు కమ్మరిని నమ్మక, రవ్వ చూచిన పిమ్మటనే బేరమాడవలెను.

ఉక్కు పేరెత్తిన తరువాత కోనసముద్రమును తలపక పోరాదు. నిజామాబాదు సీమలోని యీ గ్రామమున మూసలలో కరగించిన యుక్కుముద్దలకై పారసీక వర్తకులు వచ్చుచుండిరని వాయిసీ యను దొర వ్రాసిన వృత్తాంతము 1832లో అచ్చుపడినది. ఐరోపా భాషలలో ‘వూట్జ్’ అని ప్రసిద్ధికెక్కిన యుక్కు ఇట్టిదే. నూటికి ఒకటిన్నరపాలు బొగ్గు గల యా యుక్కును కాచుటలో కొంచెము వేడి మీఱినను సుత్తిక్రింద పగిలిపోవును. కత్తులకు పేరుపడిన యుక్కే యైనను చేతి నేర్పు లేనివానికి పనికిరాలేదన్నమాట.

నీరు పట్టించిన యుక్కు గాజువలె పెళుసు. అట్లే విడిచిన యెడల వాదర పెచ్చులు లేచును. కావున మరల మెల్లగా కాచి పెళుసుదనము తీయవలెను. మెఱుగు పెట్టిన తలమున రంగు మాఱుటయే యిందు కొలత. లేత గడ్డిరంగు సుమారు 220, 230 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద వచ్చును. ఊదారంగు 280 ప్రాంతమునను, నీలము 300 ప్రాంతమునను వచ్చును. అలుగునకు గడ్డిరంగు దాటి గోధుమరంగునకు వచ్చునప్పుడు ఆపుట మేలు. గడ్డిరంగు మొదటనే ఆపిన వాదర యెముక తగిలి చిట్లవచ్చును, నీలమువఱకు పోనిచ్చిన వాదర మడతపడును. చల్లారిన తరువాత మంచి ఆకురాతితో వాదరపై గీచి చూచిన యెడల ఆకురాయి కష్టముగ నైనను కొంచెము పట్టవలెను. జారిపోయిన చాల పెళుసు, వెన్నవలె పట్టిన చాల మెత్తన.

ఇట్లు కష్టపడి చేసిన పని సాణచక్రమువద్ద ఒక్క నిమిషములో చెడుచుండుట తఱచు. చక్రముపై గట్టిగా నొక్కినపుడు పలుచని వాదర కాలి నీలిరంగు తిరుగును. ఆ రంగు తుడిచిన పోవును గాని పోయిన గట్టిదనము రాదు. కొడవళ్లు సానపట్టించు రైతులును దీనిని గమనింపవలెను. రెండు తిరుగుళ్ల కొకమాఱు నీటిలో ముంచనివానికి పనిముట్టు ఈయరాదు.

పదును పెట్టుట యింటివద్దనే చేసికొనదగును. ముందు ఆకురాతితో వాలును సరిచేసి, పిమ్మట గరుకు సానరాతిపైనను, నునుపు రాతిపైనను క్రమముగా రుద్దవలెను. రెండుప్రక్కల వాలు గల అలుగున కొక్కొక్క ప్రక్క సుమారు 20 డిగ్రీలు చాలును; అంతకు పలుచనైనది త్వరగా మడతపడును. ఒకప్రక్క చాలినంత రుద్దినపుడు రెండవప్రక్క గోటికి తగులు సన్నని రేకు తేలును. ఆ రేకు కొననుండి మొదటివఱకు తేలినదాక ప్రక్క మార్చరాదు. తేలిన రేకునే పదునని భ్రమపడువారు పెక్కుమంది. అది మొదటి దెబ్బకే మడగి వాదరను కప్పివేయును. మంగలి కత్తి నూరునట్లు తోలుపట్టీపై వెనుకకు లాగుచు దానిని పోగొట్టవలెను. మూడు రెక్కల అలుగులలో కొన్నిటిని రెండేసి రెక్కలు రాతిపై నానించి యొకేమాఱు నూరవచ్చును. ఆ సౌకర్యమునకే కొందఱు వాని నిష్టపడుదురు. పదును చూచుటకు బొటనవ్రేలు పనికిరాదు. రబ్బరు చుట్టను బిగలాగి పట్టుకొని వాదరను మెల్లగా తాకించిన తెగవలెను. నొక్కి కోయవలసి వచ్చిన మరల రాతివద్దకు పోవలెను.

మంచి అలుగైనను వంకరగా నమరిన గాలిలో తనంతట తాను రెక్కవలె పనిచేసి బాణమును ప్రక్కకు లాగును. బాణపుకోల కొనను 5 డిగ్రీల వాలుగా చెక్కి, గొట్టములో లక్క కరగించి యమర్చి, చల్లారకమునుపే కొనను పలకపై నిలిపి కోలను వ్రేళ్లతో త్రిప్పి చూడవలెను. వణకిన యెడల మరల వెచ్చచేసి త్రిప్పి సరిచేయవలెను. బరువు విషయమున, అంగళ్లలో అలుగులను గ్రెయినుల లెక్కను అమ్ముదురు. తులమునకు 180 గ్రెయినులు గనుక 125 గ్రెయినుల అలుగు ముక్కాలు తులమునకు కొంచెము తక్కువ. ఏబది పౌనుల వింటికి అలుగుతో గూడ బాణము రెండున్నర తులములకు తగ్గకుండుట మేలు. తేలిక బాణము వేగముగా పోయినను తగిలినచోట నిలిచిపోవును. అలుగు బరువు పెంచిన కొలది కోల మెత్తనిదానివలె వంగును గనుక, బరువు అలుగునకు బిఱుసైన కోల కావలెను. అభ్యాసమునకు అదే బరువు గల మొద్దుకొనలు వేఱుగా నుంచుకొనవలెను.

అలుగులను అమ్ములపొదిలో ఒకదాని కొకటి తగులకుండ విడివిడిగా ఒరలలో నుంచవలెను. పచ్చితోలు తేమ పట్టి తుప్పు కలిగించును. ఒక్క వానరాత్రి చాలును, సన్నని వాదర గుంటలు పడుటకు. పలుచగా ఆముదము పూసి, పని ముగిసిన దినముననే తుడిచి పెట్టుట మంచిది. రాతికో యెముకకో తగిలిన అలుగును మరల త్రిప్పి చూడక ఎక్కుపెట్టరాదు. ఒకమాఱు వంగినదానిని సరిచేయవచ్చును. అదే తావున రెండవమాఱు వంగినదానిని నూరుటకు పూనుకొనక కొలిమికి పాతయినుముగా నిచ్చివేయవలెను.